తెలియదన్న మాట

నీ ఇల్లు, మూడో అంతస్తు

అక్కకి,

నీ ఇంట్లో, నీ కుర్చీలో కూర్చుని నీకే ఉత్తరం రాయడం తమాషాగా ఉంది. ఈ కాగితాలు కూడా నీ సొరుగులోవే. నువ్వు క్షేమంగా చేరావని మీ కొత్త ఆసుపత్రి నుంచి కింద అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ గారింటికి ఫోన్ వచ్చిందట. ఆయనే పైకొచ్చి చెప్పి వెళ్ళారు. "హెడ్ నర్సమ్మ గారు వెళ్ళాక మెట్లు బోసిపోయాయండీ" అన్నారు. ఈ అపార్ట్‌మెంట్లో ఎంతమందికి సూదులు పొడిచావో గాని, నీ పేరు చెబితే అందరూ వినయంగా అయిపోతున్నారు.

మాకేం లోటు లేదు. సామాను సగం విప్పాం. మిగతా సగం మూటలు హాల్లోనే ఉన్నాయి, చిన్నాడు వాటిమీద ఎక్కి కొండలంటున్నాడు. మీ మరిది మార్కెట్ మలుపులో, చెప్పుల షాపు పక్కన చిన్న చోటు అద్దెకి తీసుకున్నారు. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక బోర్డు. "తాళములు బాగుచేయబడును, కొత్త తాళంచెవులు చేయబడును" అని రాయించారు. పెద్దది అది చూసి "చేయబడును ఏంటి నాన్నా, నేను చేస్తాను అని రాయించొచ్చుగా" అంది. ఆయన నవ్వారు. ఇక్కడికి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను. కొట్టేస్తే ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, ఉండనీ.

బేరాలు ఇంకా మొదలవలేదు. కొత్త చోటు కదా.

నువ్వు మాత్రం మనసులో ఏమీ పెట్టుకోకు. మేం మూటలు దింపిన నెల తిరక్కుండా నీకు ప్రమోషన్ రావడం, నువ్వు వెళ్ళిపోవడం, ఇది ఎవరి తప్పూ కాదు. పిల్లలు "పెద్దమ్మ ఎప్పుడొస్తుంది" అని అడుగుతున్నారు. సెలవు దొరకగానే వస్తుందని చెప్పాను.

నీ చెల్లి


ఆసుపత్రి క్వార్టర్సు

బుల్లెమ్మకి,

"ఎవరి తప్పూ కాదు" అని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను. వార్డు రౌండుకి వెళ్తూ కూడా అదే మాట తిరుగుతోంది.

రమ్మన్నది నేను. "మా వీధుల్లో తాళాలు బాగుచేసేవాడే లేడు, అతనికి చేతినిండా పని" అని ఉత్తరం మీద ఉత్తరం రాసింది నేను. బ్యాంకు ఎదుట, వాళ్ళ నాన్న కూర్చున్న చోటే ఇన్నేళ్ళు కూర్చున్న మనిషిని లేవదీశాను. అతనికి ఇష్టం లేదని నాకు తెలుసు. మీ తోడికోడలితో పడలేక నువ్వు కన్నీళ్ళు పెట్టుకుంటున్నావని నాకు నేను చెప్పుకున్నాను గాని, నిజానికి మీ బావ పోయాక ఆ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక మిమ్మల్ని పిలిచాను. పిలిచి, నా దారిన నేను వచ్చేశాను. ప్రమోషన్ వద్దనుకుంటే ఒక్క కాగితం రాసిస్తే సరిపోయేది. రాయలేదు. ఆ కుర్చీ మీద నాకు ఆశ పుట్టింది బుల్లెమ్మా.

ఇక్కడ నర్సులంతా నాకంటే చిన్నవాళ్ళు. నన్ను చూస్తే నిలబడతారు, వెనక్కి తిరిగితే గుసగుసలాడతారు. సూపరింటెండెంట్ డాక్టరు మహా కోపిష్టి. ఫోన్ కూడా ఆయన బల్ల మీదే. మనకి ఫోన్ వస్తే ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా అంతా వింటుంటాడు. అందుకే నువ్వు ఉత్తరాలే రాయి.

మరిదిని ఇంటింటికీ వెళ్ళి పరిచయం చేసుకోమను. నా పేరు చెప్పమను.

నీ అక్క


నీ ఇల్లు

అక్కకి,

ఇన్నాళ్ళూ రాయలేదని కోప్పడకు. రాస్తే మంచి సంగతులే రాయాలనుకున్నాను. అవి పోగయ్యేదాకా ఆగాను. పోగవలేదు.

ఇంటింటికీ వెళ్ళమన్నావు. వెళ్ళారు. నీ పేరు చెబితే మర్యాదగానే మాట్లాడారట. కానీ తాళాలు బాగుచేసేవాడు తనంతట తానే తలుపు కొట్టి "మీ తాళాలన్నీ బాగున్నాయా" అని అడిగితే ఎవరికైనా గుండె గుభేల్మంటుంది కదా అక్కా! ఇది నీకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఆయనకి తోచింది, అయినా మనం చెప్పామని వెళ్ళారు.

బల్ల దగ్గరికి ఒకరిద్దరు వస్తున్నారు. తాళంచెవి ఇచ్చి రెండోది చేయమంటారు. చేస్తున్నంతసేపూ నెత్తిమీదే నిలబడి చూస్తారు. తీసుకునేటప్పుడు "ఇంకోటి చేసి దాచుకోలేదు కదా" అంటారు. నవ్వుతూనే అంటారు. నవ్వుతూ అనడమే బాధ. కోపంగా అంటే తిరిగి ఒక మాట అనొచ్చు. అక్కడ బ్యాంకు ఎదుట అయితే జనం తాళాల గుత్తులు ఆయన బల్ల మీద పడేసి బజారుకి వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు సాయంత్రం దాకా తీసుకెళ్ళడమే మర్చిపోయేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగో అంతస్తులో ఇన్సూరెన్స్ ఆఫీసరు గారింట్లో దొంగతనం జరిగింది. వాళ్ళు ఊరెళ్ళి వచ్చేసరికి బీరువాలోంచి ఒక ఉంగరం, ఒక కెమెరా పోయాయి. వీధి తలుపు తాళం వేసింది వేసినట్టే ఉంది. పగలగొట్టలేదు. పగలగొట్టి ఉంటే ఎంత బాగుండేది! ఇలా అనుకోవడం పాపమే, కానీ మొదట నాకు తోచింది అదే.

కానిస్టేబులు వచ్చి అందర్నీ అడిగాడు. ఆయన్ని మాత్రం సెక్రటరీ గారి గదిలో కూర్చోబెట్టి అడిగాడు. భోజనాల వేళకి పైకొచ్చారు. "ఏమన్నారు" అంటే "ఏమంటారు, అడిగారు, చెప్పాను" అన్నారు. పళ్ళెం ముందు కూర్చుని మంచినీళ్ళు తాగి లేచారు.

నువ్వు సెక్రటరీ గారికి ఒక్క మాట రాయి అక్కా. నీ మాటంటే ఆయనకి గురి.

నీ చెల్లి


ఆసుపత్రి క్వార్టర్సు

బుల్లెమ్మకి,

నీ ఉత్తరం అందింది. ఇన్‌స్పెక్షన్ ఉండటం వల్ల వెంటనే రాయలేకపోయాను. ఇలాంటివి నాలుగు రోజులు రగిలి వాటంతటవే చల్లారతాయి. మనం ఎంత మాట్లాడితే అంత పెరుగుతుంది. అందుకే ఇప్పుడే ఎవరికీ ఏమీ రాయకపోవడం మంచిదనిపిస్తోంది. మరిదిని కొన్నాళ్ళు తొందరగా ఇంటికి రమ్మను. మెట్ల మీద ఎవరితోనూ వాదించవద్దను.

పెద్దదానికి బట్టలు, చిన్నాడికి రంగు పెన్సిళ్ళు పార్సిల్లో పంపుతున్నాను. సైజు సరిపోతుందో లేదో.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఆరోగ్యం జాగ్రత్త.

అక్క


నీ ఇల్లు

అక్కా,

పార్సిల్ అందింది. బట్టలు సరిపోయాయి. పెద్దది వేసుకోలేదు. "పెద్దమ్మ ఉత్తరం ఇంత చిన్నదేంటి" అంది. పని ఎక్కువ కదా అన్నాను. "మనం ఇక్కడికి రాకముందు కూడా పెద్దమ్మకి పనుండేదిగా" అంది. పదమూడేళ్ళ పిల్ల, అన్నీ గమనిస్తోంది.

నువ్వు చల్లారతాయన్నావు. చల్లారలేదు. సంఘం మీటింగులో ఒక తీర్మానం చేశారు. "పనిముట్లతో ఎవరూ మెట్లెక్కకూడదు, వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్ళాలి" అని. ఎవరూ అని రాశారు గాని, పనిముట్లు ఉన్నది ఒక్కరికే. రోజూ సాయంత్రం ఆయన సంచి వాచ్‌మన్ స్టూలు కింద పెట్టి చేతులూపుకుంటూ పైకొస్తారు. మొదటిరోజు వాచ్‌మనే తల దించుకుని "నన్నేం అనుకోకండి సార్" అన్నాడట. ఈయన తిరిగి అతన్ని ఓదార్చి వచ్చారు!

బడిలో పెద్దదాని పక్కన కూర్చునే అమ్మాయి పెన్నుల డబ్బా బ్యాగులో దాచుకుంటోందట. చిన్నాడికి ఇవేవీ తెలియవు. "మా నాన్న ఏ తలుపైనా తీసేస్తాడు" అని మెట్ల మీద పిల్లలందరికీ గొప్పగా చెబుతున్నాడు. వాడి నోరు నొక్కి లోపలికి లాక్కొచ్చాను. వాడు ఏడుస్తూ "నిజమే కదమ్మా" అన్నాడు. నిజమే మరి. నిన్నటిదాకా మనం మురిసిపోయిన మాటే.

ఆయన్ని ఇక్కడికి లాక్కొచ్చింది నువ్వొక్కదానివే కాదు, నేను కూడా. తోడికోడలి మొహం చూడక్కర్లేని ఇల్లు కావాలని రోజూ పోరు పెట్టింది నేను. ఆ పాత చోట ఇప్పుడు ఎవరో పళ్ళ బండి పెట్టుకున్నారట. తిరిగి వెళ్దామన్నా చోటు లేదు.

నిన్ను ఎక్కువ అడగటం లేదు. ఆయన ఎలాంటివాడో సెక్రటరీ గారికి ఒక్క ముక్క రాయి. నీకు తెలిసిందే రాయి. ఎందుకు వెనకాడుతున్నావో నాకు అర్థం కావటం లేదు.

చెల్లి


ఆసుపత్రి క్వార్టర్సు

బుల్లెమ్మకి,

వెనకాడుతున్నది ఎందుకో చెబుతాను. కూర్చుని చదువు.

మీ సెక్రటరీ గారు నాకు అప్పుడే ఫోన్ చేశారు. నీ ఉత్తరం నాకు చేరకముందే. మరిదిని గదిలో కూర్చోబెట్టిన రోజునే. నేను ఇక్కడ సూపరింటెండెంట్ ఎదురుగా నిలబడి మాట్లాడాను. సెక్రటరీ గారు "అమ్మా, ఇక్కడ పోలీసులున్నారు, దొంగతనం విషయం. మీ మరిది మనిషి ఎలాంటివాడు, మీరు పూచీ ఇవ్వగలరా?" అన్నారు. పోలీసులన్న మాట రిసీవర్లోంచి బయటికి వినిపించినట్టుంది. డాక్టరు రాయడం ఆపి నా వంక చూశాడు.

నేను "వాళ్ళు మా ఇంటికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదండీ. అతని సంగతి నాకంతగా తెలియదు" అన్నాను.

ఇదే నేనన్నది. ఒక్క అక్షరం తగ్గించలేదు. ఎక్కువా రాయలేదు. ఫోన్ పెట్టేశాక డాక్టరు "ఏంటి గొడవ" అన్నాడు. "ఎవరో తెలిసినవాళ్ళ విషయం సార్" అన్నాను. మరిదిని రెండోసారి కూడా పరాయివాణ్ణి చేశాను.

తెలియదట నాకు! మీ బావ పోయినప్పుడు బీరువా తాళంచెవి దొరక్క, ఆసుపత్రి కాగితాలన్నీ అందులో ఉండిపోయి, నేను దిక్కుతోచక కూర్చుంటే ఎవరు వచ్చారు? బస్సులో నిలబడి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకుండానే బీరువా ముందు కూర్చున్నది అతనే. తలుపు కదలగానే మొహం పక్కకి తిప్పుకుని "వదిన గారూ, తెరుచుకుంది, చూసుకోండి" అని గది బయటికి వెళ్ళి నిలబడ్డాడు. లోపల ఏముందో ఇవాళ్టికీ అతనికి తెలియదు. అలాంటి మనిషి గురించి నాకు తెలియదన్నాను.

ఆ తరువాత నీ ఉత్తరం వచ్చింది, సెక్రటరీకి ఒక్క మాట రాయమని. ఏ మొహంతో రాయను? రాస్తే నేను ముందు అన్నది బయటపడుతుంది. అందుకే చల్లారతాయని, వాదించొద్దని ఏవేవో రాసి, రంగు పెన్సిళ్ళు పంపాను. ఆ పార్సిల్ కడుతున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

నువ్వు ఏమన్నా పడతాను.

అక్క


ఆసుపత్రి క్వార్టర్సు

బుల్లెమ్మా,

నీ దగ్గర్నించి జవాబు లేదు. ఉండదనే అనుకున్నాను. అయినా పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నాను.

సెక్రటరీ గారికి రాశాను. మరిది ఎలాంటివాడో రాశాను, బీరువా సంగతి రాశాను. ఆరోజు భయపడి తెలియదన్నానని, అది అబద్ధమని కూడా రాశాను. సంఘం వాళ్ళందరి ముందూ చదవమన్నాను. సూపరింటెండెంట్‌తో కూడా చెప్పాను, ఆ ఫోన్ మా చెల్లెలి భర్త గురించి వచ్చిందని. "అయితే అప్పుడే చెప్పొచ్చుగా" అని మళ్ళీ కాగితాల్లో పడిపోయాడు. అంతే. ఇంతమాత్రం దానికి నేనంతగా వణికిపోయాను.

పిల్లలు ఎలా ఉన్నారో ఒక్క కార్డు ముక్క రాసినా చాలు.

అక్క


ఇంటి నుంచి

అక్కకి,

ఇన్ని రోజులూ రాయకపోవడానికి కోపమే కారణమనుకుని ఉంటావు. మొదట కోపమే. ఆయన రాగానే ఎదురుగా నిలబడి మొత్తం పైకి చదివాను. ఆయన చొక్కా విప్పుతూ విన్నారు. అయ్యాక "నాకు తెలుసు" అన్నారు.

"ఎలా తెలుసు?"

"వదిన గారికి ఫోన్ చేసి అడగండి అన్నది నేనే. నా ముందే చేశారు. ఆవిడ మాట వినపడలేదు గాని, 'అయితే మీకు తెలియదంటారు' అని ఆయన అనడం విన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీకున్న ఒక్క మనిషీ లేకుండా పోతుంది" అన్నారు. "నాకెలాగూ ఎవరూ లేరు. ఇద్దరికీ లేకపోతే ఎలా?"

ఆ సాయంత్రమే నీకు ఒక ఉత్తరం రాశాను. చాలా మాటలన్నాను అందులో. చింపేశాను. మళ్ళీ రాశాను, అదీ చింపేశాను. ఎందుకు పంపలేకపోయానో చివర చెబుతాను.

నీ ఉత్తరం అందాక సెక్రటరీ గారు మీటింగు పెట్టారు. కింద కార్లు ఆపే చోట కుర్చీలు వేశారు. నీ ఉత్తరం చదవమన్నావు కాబట్టి చదివారు. నువ్వు భయపడ్డానని రాసిన చోట ఆయన గొంతు తగ్గించి గబగబా చదివేశారు. అందరూ నేలచూపులు చూశారు. అప్పుడు మీ మరిది లేచారు. నాతో కూడా పది మాటలు మాట్లాడని మనిషి ఇంతమందిలో ఏం మాట్లాడతారో అని ఆయన వంకే చూశాను.

"మా వదిన గారు ఇదంతా రాయక్కర్లేదు" అన్నారు. "ఆవిడ ఎక్కడో దూరాన ఉన్నారు, పోలీసులంటే భయపడ్డారు, తెలియదన్నారు. మీరు ఇక్కడే ఉన్నారు. రోజూ నన్ను చూస్తున్నారు. మీకేం తెలిసిందో చెప్పండి."

చివరికి ఇన్సూరెన్స్ ఆఫీసరు గారి భార్య "మేం ఎవర్నీ పేరు పెట్టి అనలేదే" అంది. "అవునమ్మా, పేరు పెట్టి ఉంటే అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి" అన్నారీయన. వచ్చి నా పక్కన కూర్చున్నారు.

తీర్మానం తీసేశారు. క్షమించమని ఎవరూ అనలేదు. మర్నాడు సెక్రటరీ గారు మాత్రం బల్ల దగ్గరికి వెళ్ళి "మన ఆఫీసు గది తాళం పట్టేస్తోంది, ఓసారి చూస్తారా" అన్నారట. చూసి వచ్చారు. ఉంగరం, కెమెరా దొరకలేదు, దొరుకుతాయని నాకు నమ్మకం లేదు. కొందరు ఎప్పటికీ అనుమానంగానే చూస్తారు. మార్కెట్లో బీరువాలు చేసే ఆయన తలుపులకి తాళాలు బిగించే పని ఇస్తున్నాడు. ఇల్లు గడుస్తోంది. పెద్దది నువ్వు పంపిన బట్టలు నిన్న బడికి వేసుకెళ్ళింది, నేను చెప్పకుండానే.

ఇక చివర చెబుతానన్నది.

మీటింగులో అందరూ తలలు దించుకుని కూర్చున్నారన్నాను కదా, అందరికంటే ఎక్కువ దించుకున్నది నేను. నీకు తిట్లు రాసి చింపేసింది కూడా అందుకే. దొంగతనం బయటపడిన మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను ఆయన సంచి విప్పి చూశాను.

అడుగుదాకా చూశానక్కా. ఆకురాళ్ళు, పట్టకారు, కొక్కెం తీగలు, అన్నీ బయటికి తీసి, లోపలున్న చిన్న గుడ్డ మూట కూడా విప్పి చూశాను. ఏం వెతుకుతున్నానో నాకు తెలుసు. దొరకలేదు. దొరకనందుకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను చూడు, అదే నన్ను తినేస్తోంది. నువ్వు పోలీసుల పేరు విని, పై అధికారి ముందు నిలబడి తడబడ్డావు. పక్కన పడుకునే నన్ను ఎవరు భయపెట్టారు? ఎవరూ లేరు. నాకు నేనే వెళ్ళి వెతికాను.

మీటింగు నుంచి పైకొచ్చాక చెప్పేశాను. పిల్లలు కిందే ఆడుకుంటున్నారు.

"మీ సంచి చూశాను, అప్పుడు."

"తెలుసు" అన్నారు. "ఆకురాళ్ళు తలకిందులుగా పెట్టావు."

"ఒక్కమాటైనా అడగలేదే?"

"అడిగితే నువ్వు లేదంటావేమోనని భయం. లేదంటే ఇక నీ మాట కూడా నమ్మలేకపోయేవాణ్ణి."

నేను ఏడిస్తే ఓదారుస్తారేమో అనుకున్నాను. ఓదార్చలేదు. మంచిదే అయింది. కోపం ఆయనకీ ఉంది, ఉండాలి కూడా. తీర్మానం పోయింది కాబట్టి సంచి ఇప్పుడు పైకే తెస్తున్నారు. తెచ్చి, ఎవరూ అడక్కుండానే భోజనాల బల్ల మీద విప్పి, పనిముట్లన్నీ పరిచి పెడుతున్నారు. మేం తినేముందు మళ్ళీ సర్దేస్తున్నారు. ఎందుకో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

నిన్న తట్టుకోలేకపోయాను. "ఇంక పరచకండి, మూసెయ్యండి" అన్నాను.

"నువ్వే సర్దు" అన్నారు.

ఏది ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు. అదే అన్నాను. అప్పుడు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "ముందు పెద్ద ఆకురాయి. మొన కిందికి కాదు, ఇటు. దాని పక్కన చిన్నది" అంటూ ఒక్కొక్కటీ చెబుతుంటే నేను ఒక్కొక్కటీ పెట్టాను. తప్పు పెట్టిన ప్రతిసారీ తీసి నా చేతికే తిరిగి ఇచ్చారు.

నువ్వు సెలవు పెట్టి రా అక్కా. నీ మీద నాకు కోపం పోలేదు, దాచను. అయినా రా.

నీ చెల్లి